రేపు అనే ఫోల్డరు

"పంపేశారా?"

"పంపేశానే తల్లీ. నువ్వు ఇంటికి బయల్దేరు, ఎండ మండిపోతోంది."

"ఒక్క ముక్క కూడా మార్చలేదు కదా?"

"ఈసారి మార్చలేదు. ఒట్టు."

మా ఆయనా నేనూ ఆఖరుసారి అనుకున్న మాటలు ఇవే. కొవ్వూరులో గోదావరి గట్టుకి దిగువన మాకు వలల కొట్టు ఉంది. ఆ మధ్యాహ్నం నేను క్యారేజీ పట్టుకెళ్ళాను. ఆయన అన్నం తిన్నాక పక్కన నిలబడి ఒక ఉత్తరం చెప్పి కంప్యూటర్లో కొట్టించాను. పంపించారని రూఢి చేసుకుని ఇంటికి వచ్చేశాను. గిన్నెలు తోముతుండగా కబురు వచ్చింది. బల్ల మీద తల ఆన్చితే కునుకు తీస్తున్నారనుకున్నారట అందరూ. ఎవరికీ ఇబ్బంది లేకుండా పోయారు. ఆ సంగతి ఇంతటితో వదిలేస్తాను, ఎందుకంటే నేను చెప్పబోయేది నవ్వుకునే సంగతి. కాకపోతే ఆ "ఈసారి" అన్న మాట అప్పుడు నా చెవిన పడింది గానీ బుర్రలోకి ఎక్కలేదు. ఎక్కడానికి రెండేళ్ళు పట్టింది.

చెబుతున్నది నేను, రాస్తున్నది మా ఇంటి మనిషి. నాకు సంతకం చెయ్యడం వచ్చు. బస్సు బోర్డు మీద మొదటి అక్షరం చూసి అది ఏ ఊరు వెళుతుందో పోల్చుకోవడం వచ్చు. అంతకు మించి చదువు లేదు. గొంతు మాత్రం ఉంది. పదేళ్ళప్పటి నుంచి నెత్తిన తట్ట పెట్టుకుని వీధి వీధీ తిరిగి చేపలు అరిచిన గొంతు, బొంగురు గొంతు. "నువ్వు గుసగుసలాడినా అవతల రాజమండ్రిలో వినపడుతుంది" అనేవారు మా ఆయన.

నేను చెప్పి కొట్టించిన ఉత్తరాలన్నీ ఒక్క మనిషికే. మా వదినకి, అంటే మా ఆయన అక్కగారికి. ఆవిడది జంగారెడ్డిగూడెం. వాళ్ళాయన ఇక్కడి చేపలు తీసుకెళ్ళి ఆ పై ఊళ్ళ సంతల్లో అమ్మి అమ్మి, చివరికి అక్కడే స్థిరపడి పామాయిల్ తోట వేశారు. వదిన పదో తరగతి దాకా చదివింది, అంగన్‌వాడీలో పని చేసింది, ఇంట్లో కంప్యూటరు ఉంది. ఫోను ఉండగా ఉత్తరాలెందుకు అంటారేమో. మేమిద్దరం మాట్లాడుకునేవాళ్ళం కాదు కాబట్టి.

మాటలు పోయింది పులుసు దగ్గర. వదిన కొత్త ఇంటి గృహప్రవేశం అయిన మర్నాడు, చుట్టాల భోజనాలకి, ఏడాదికోసారి వరదలో దొరికే పులస చేపతో పులుసు నేను పెట్టాను. పులస పులుసులో గరిటె పెట్టకూడదు. కుండ అంచులు పట్టుకుని కుదపాలి. సన్న సెగ మీద పూటంతా దాని పక్కనే కూర్చోవాలి, పసిపిల్ల దగ్గర కూర్చున్నట్టు. అంత చేసి, ఒళ్ళు కడుక్కుని వద్దామని వెళ్ళాను. తిరిగి వచ్చేసరికి, జనం అనుకున్న దానికంటే ఎక్కువ వచ్చారని, ఈ మహాతల్లి కుండలో చెంబెడు వేన్నీళ్ళు పోసేసింది. పోసి గరిటెతో తిప్పింది కూడా.

"ఏం పోశావు వదినా?"

"నీళ్ళేనే. విషం పోసినట్టు చూస్తావేంటి? పదిమంది ఎక్కువొచ్చారు."

"ఎక్కువొస్తే నీ పప్పులో పోసుకో. నా పులుసులో పోస్తావా?"

"నీ పులుసా? కుండ నాది, పొయ్యి నాది, చేప మా తమ్ముడు తెచ్చాడు. ఇందులో నీదేముందే?"

"నా చెయ్యుంది!"

అలా ఒక మాటకి ఇంకో మాట అంటుకుని, విస్తళ్ళ ముందు కూర్చున్నవాళ్ళందరూ చూస్తుండగా నేను "గోదారి మీద ఒట్టు, బతికుండగా నీతో మాట్లాడను" అనేశాను. ఆవిడ ఊరుకుంటుందా? "నేను మాత్రం మాట్లాడతానా? అదే గోదారి మీద ఒట్టు" అంది. మా ఇళ్ళల్లో గోదారి మీద ఒట్టంటే ఆషామాషీ కాదు. పొద్దున్న లేస్తే ఆ నీళ్ళ మీదికి మగవాళ్ళని పంపే ఇళ్ళు మావి. పెట్టేశాక ఇద్దరిలో ఎవరు మీరతారు?

కానీ నా నోరు ఊరుకోదు కదా. ఆ రోజుల్లోనే వలల కంపెనీల వాళ్ళు ఆర్డర్లు మెయిల్లో పెట్టమన్నారని మా ఆయన కొట్లో కంప్యూటరు పెట్టారు. ఎంత కన్ను వల కావాలి, ఏ దారం, తేలడానికి ఎన్ని బెండ్లు, మునగడానికి ఎంత సీసం, అన్నీ రెండు వేళ్ళతో కొట్టేవారు. తెలుగు మాటలే, ఇంగ్లీషు అక్షరాల్లో. ఒకరోజు నేను క్యారేజీ విప్పుతూ అన్నాను.

"ఏవండీ, నేను మాట్లాడనని కదా ఒట్టేసింది. రాయనని కాదు."

"రాయడం నీకు రాదుగా."

"మీకొచ్చుగా."

అలా మొదలైంది. రెణ్ణెల్లకో, మూణ్ణెల్లకో నాకు పులుసు గుర్తొచ్చేది. బల్ల పక్కన నిలబడి, నడుము మీద చెయ్యి పెట్టుకుని, కడుపులో ఉన్నదంతా వదినకి చెప్పేదాన్ని. ఆయన తలెత్తకుండా టకటకా కొట్టేవారు. "ఆగవే, 'దిక్కుమాలిన' దగ్గరున్నాను" అనేవారు. చివర్న "పంపేశారా?" అంటే "పంపేశాను" అనేవారు. ఇంటికొచ్చి పడుకుంటే ఒళ్ళు ఎంత తేలిగ్గా ఉండేదో.

నాలుగైదు రోజుల్లో వదిన నుంచి జవాబు వచ్చేది. ఆయన చదివి వినిపించేవారు. మీరంతా కులాసా అని తలుస్తాను, మరదల్ని ఆరోగ్యం చూసుకోమను, ఇక్కడ వానలు బాగా పడ్డాయి, ఇవీ మాటలు. నేను తెల్లబోయేదాన్ని. ఇంత తిట్టినా ఇంత మెత్తగానా!

"చూశారా, మీ అక్క దారికొస్తోంది" అనేదాన్ని.

"వస్తోంది, వస్తోంది" అనేవారు, అవసరం లేకపోయినా కళ్ళజోడు తుడుచుకుంటూ.

తొమ్మిదేళ్ళు సాగింది ఇలాగ.

ఆయన పోయినప్పుడు వదిన వచ్చింది. నా భుజం మీద పడి ఏడ్చింది, నేనూ ఏడ్చాను. ఏడవడానికి ఒట్టు అడ్డు రాలేదు. మాటలకి వచ్చింది. పన్నెండు రోజులూ ఒకే చాప మీద కూర్చుని గోడతో మాట్లాడాం. "ఓ గోడా, ఆ మనిషి పొద్దున్నుంచి మంచినీళ్ళు ముట్టలేదు, ముట్టమని చెప్పు" అనేది ఆవిడ. "గోడా, ముందు ఆవిణ్ణి తాగమను" అనేదాన్ని నేను. మా కోడలు మధ్యలో రెండు చేతుల్లో రెండు గ్లాసులు పట్టుకుని నిలబడేది, గోడ తరఫున. పన్నెండో రోజు దాటాక వదిన బస్సెక్కి వెళ్ళిపోయింది.

ఆ తరువాత ఉత్తరాలు లేవు. కోడలికి చెప్పి రాయించవచ్చు, కానీ అత్తగారి నోట్లో మాటలు కోడలి చేత కొట్టించడం నాకే బాగనిపించలేదు. రెండేళ్ళు గడిచాయి. ఆయన లేని లోటు సరే. ఆయన వెంట వదిన కూడా వెళ్ళిపోయినట్టయింది. తిట్టడానికి మనిషి లేక నా నోరు చప్పబడిపోయింది. ఆవిడకీ నాకూ అరవై దాటాయి. ఈ పద్ధతిలోనే ఉంటే, ఆఖరికి ఒకరి కబురు ఇంకొకరికి ఎవరో ఫోను చేసి చెబుతారు, అంతే. అది తలుచుకున్నప్పుడల్లా పక్క మీంచి లేచి కూర్చునేదాన్ని. కానీ ముందు నేనెందుకు దిగాలి అని ఉండేది.

ఈ ఏడు వరద నీళ్ళు ఎర్రగా వచ్చిన వారంలో కొట్లో పాత కంప్యూటరు మూలగడం మొదలుపెట్టింది. కొట్టు ఇప్పుడు మా కోడలు చూస్తుంది. మా అబ్బాయి ఐసు లారీ మీద తిరుగుతాడు. కోడలు కొత్త లాప్‌టాప్ తెచ్చుకుంది.

"అత్తయ్యగారూ, పాతది తీసేద్దామండి. తెరుచుకోడానికే పావుగంట పడుతోంది."

"అందులో మీ మావయ్యగారి ఉత్తరాలున్నాయి. ఒక్కటి కూడా పోకుండా దీంట్లోకి వస్తే అప్పుడు తియ్యి."

"ఎన్నో ఉంటాయండి."

"ఉండనీ. నాకేం పనుంది? పక్కన కూర్చుంటా."

స్టూలు వేసుకుని కూర్చున్నాను. మొదటి రోజు ఏమీ జరగలేదు. పాతదాంట్లో ఉత్తరాలు చూసే ప్రోగ్రాం ఒకటట, కొత్తదాంట్లో ఇంకొకటట. రెండింటికీ పొత్తు కుదరలేదు.

"మొత్తం ఎత్తి ఇందులో పెట్టేస్తే రాదా?"

"పెట్టానండి. తెరవనంటోంది. పాతదాంట్లో ఒక్కో ఫోల్డరూ ఒక్కో పెద్ద మూటండి, మూతి కుట్టేసినట్టు. ఆ కుట్టు దీనికి తెలియదు."

"అయితే మూట అక్కడే విప్పి ఒక్కొక్కటీ తియ్యి."

కోడలు చేతిలో ఉన్నది వదిలేసి నా వంక చూసింది. "అదేనండి దారి" అంది.

పాత ప్రోగ్రాంలోంచి ఉత్తరాలని పట్టుకుని బయటికి లాగితే ఒక్కొక్కటీ విడి కాగితంలా వచ్చి పడుతోంది. వాటిని కొత్తదాంట్లో అదే పేరుతో ఫోల్డరు కట్టి అందులోకి లాగాలి. తేదీలతో సహా వస్తున్నాయి. కోడలు ఆత్రంగా వందలకి వందలు ఒకేసారి లాగేసరికి పాతది బిగుసుకుపోయింది. వలలో చిక్కిన చేపని నేను ఎన్నిసార్లు తీశానో. తోక పట్టుకుని లాగితే చేప చిరుగుతుంది, వలా చిరుగుతుంది. ఒక్కో కన్నూ రెక్క మీంచి తప్పించాలి. "కొన్ని కొన్ని తియ్యమ్మా, దానికి ఊపిరాడనీ" అన్నాను. యాభై యాభై చొప్పున తీసింది. రెండో రోజు మధ్యాహ్నానికి కంపెనీల ఫోల్డర్లన్నీ వచ్చేశాయి, కరెంటు బిల్లులవి వచ్చేశాయి, 'అక్క' అని ఉన్నదీ వచ్చేసింది. కొత్త ఉత్తరాలు వచ్చి వీటిలో కలిసిపోకుండా ఆ రెండు రోజులూ కోడలు ఆ ప్రోగ్రాంకి నెట్టు ఆపి ఉంచింది.

అన్నిటికంటే అడుగున ఒకటి మిగిలింది.

"దీని పేరు 'రేపు' అని పెట్టారండి మావయ్యగారు."

"రేపేంటి?"

"ఏమోనండి. నలభై మూడున్నాయి. అన్నీ జంగారెడ్డిగూడెం అత్తయ్యగారికే. రాసి పెట్టుకున్నారు గానీ ఒక్కటీ పంపలేదు."

"ఏం రాశారు?"

"ఆయన అక్కగారికి రాసుకున్నవి నేను చదవడం బాగోదండి. రేపు పంపుదామని పెట్టుకుని ఉంటారు." కొత్తదాంట్లోనూ 'రేపు' ఫోల్డరు కట్టింది గానీ, పంపాల్సినవాటికి వేరే పెట్టె ఉందని, ఆ నలభై మూడూ శ్రద్ధగా అందులో సర్దింది. మా కోడలిది అంత పొందిక.

పనైపోయిందని నెట్టు కలిపింది. కలపగానే తెర మీద ఏదో వచ్చి నిలబడింది.

"పంపకుండా ఉన్నవి ఉన్నాయి, ఇప్పుడు పంపమంటారా అని అడుగుతోందండి. ఏం చెప్పను?"

తోబుట్టువుకి మనసులో మాట రాసుకుని, రేపు పంపుదాం రేపు పంపుదాం అనుకున్నారన్నమాట. నేను కయ్యానికి కాలు దువ్వుతుంటే, ఆయన మాటలు ఆయన దాచుకున్నారు.

"పంపెయ్యమ్మా. ఆయనకి ఆ రేపు రాలేదు. మనం పంపుదాం."

కోడలు నొక్కింది. పచ్చటి గీత ఒకటి అలా పాకుతూ వెళ్ళింది. నేను లేచి నిలబడి లాప్‌టాప్‌కి రెండు చేతులూ జోడించాను.

"అక్షరాలు సరిగ్గా వెళ్ళాయో లేదో ఒకటి చూస్తానండి, తప్పదు" అని కోడలు ఒకటి తెరిచింది. చూసి తెర మీదికి ఇంకొంచెం వంగింది.

"అత్తయ్యగారూ... ఇది మావయ్యగారి మాటలా లేదండి."

"చదువు."

"'వదినా, నువ్వు పోసిన చెంబెడు నీళ్ళు నాకు కల్లోకి వస్తున్నాయి. పొయ్యాలని అంత ఉబలాటంగా ఉంటే మీ పామాయిల్ మొక్కలకి పోసుకో. అవైతే గరిటెతో తిప్పినా ఏమీ అనవు.'"

నేను స్టూలు దగ్గరికి లాక్కుని కూర్చున్నాను. "ఇంకోటి చదువు."

"'నీ వంటగదికి పెద్ద కిటికీ పెట్టించావని విన్నాను. నీ వంట వాసన బయటికి పోతే మీ వీధి కుక్కలు ఊరొదిలి పోతాయి, ఆ పాపం నీదే.'"

"ఇంకోటి."

"'నాకు జ్వరం వచ్చి తగ్గింది. నువ్వు అడగవు కాబట్టి నేనే చెబుతున్నాను.'"

అన్నీ నావే! తొమ్మిదేళ్ళు నడుము మీద చెయ్యి పెట్టుకుని చెప్పినవన్నీ, ఒక్క ముక్క పొల్లుపోకుండా కొట్టి, ఒక్కటీ పంపకుండా దాచారు. మరి ఆవిడకి వెళ్ళినవేంటి? కోడలు, ఆయన అప్పట్లో పంపినవాటి ఫోల్డరు తెరిచి, జ్వరం ఉత్తరం తేదీనే ఇంకొకటి పట్టుకుంది. "'పూజ్యులైన వదినగారికి నమస్కారములు. మేమంతా క్షేమం. ఎప్పుడూ మిమ్మల్నే తలుచుకుంటూ ఉంటాను. ఇట్లు, మీ మరదలు.'"

అది చదివి కోడలు నోటికి కొంగు అడ్డం పెట్టుకుంది. ఆగలేదు. నేనూ ఆగలేదు. వల కొనడానికి వచ్చినాయన గుమ్మంలో నిలబడి, వీళ్ళకేమైందా అని చూస్తున్నాడు. "దొంగ! ఎంత దొంగండీ మీరు!" అని ఆయన ఫొటో వంక చూసి అరిచాను. కోడలు కళ్ళు తుడుచుకుంటూ బల్ల పైకి చెయ్యి చూపించింది. అక్కడ ఆయన రాయించిన పాత బోర్డు, 'అరువు రేపు' అని. ఏ కొట్లో అయినా ఆ రేపు ఎప్పుడూ రాదు కదా.

నవ్వు సగంలో ఉండగా నాకు తెలివొచ్చింది.

"ఒసేయ్, ఇవన్నీ వెళ్ళిపోయాయా?"

"మీరే కదండీ పంపమన్నారు."

"వెనక్కి తీసుకురా!"

"రావండి."

"కరెంటు తీసెయ్యి!"

"తీసినా రావండి అత్తయ్యగారూ."

నలభై మూడు. ఒకే పూట. తమ్ముడు పోయి రెండేళ్ళయిన మనిషికి, తమ్ముడి పేరు మీద, మరదలి తిట్లు. ఆవిడతో ఉన్న ఆ కాస్త దారీ నా చేత్తో నేనే మూసేసుకున్నాననిపించింది.

అప్పుడు గుర్తొచ్చింది. "ఆ రోజుది, ఆఖరిది, అందులో ఉందా చూడు."

కోడలు వెతికింది. ఆ నలభై మూడింట్లో లేదు. ఆయన పంపినవాటిలో ఉంది. చదివింది. "'వదినా, ఈసారి వరద నీళ్ళు రాగానే పులస పులుసు పెట్టి పంపుతాను. నీళ్ళు పొయ్యకుండా తిను. పోస్తే నాకు తెలుస్తుంది.'"

నేను చెప్పింది చెప్పినట్టే ఉంది. ఈసారి మార్చలేదు, ఒట్టు, అన్నారు ఆయన. నిజమే చెప్పారు. తొమ్మిదేళ్ళలో నేను మొదటిసారి ఒక మంచి మాట చెబితే, దాన్ని ముట్టుకోకుండా పంపారు. అయితే ఆ పులుసు? ఆయన పోయాక రెండు వరదలు వచ్చి వెళ్ళాయి. మాట వెళ్ళింది, పులుసు వెళ్ళలేదు. ఇప్పుడు పులుసుకి బదులు తిట్లు వెళ్ళాయి.

రెండు రోజులు కోడలు గంటకోసారి చూసింది. వదిన దగ్గర్నుంచి ఏమీ రాలేదు. జవాబు రాకపోవడం తిట్టు కంటే గట్టిగా తగులుతుందని నాకు అప్పుడు తెలిసింది. మూడో రోజు పొద్దున్న మా కొట్లో వల కొన్నాయన పడవలో ఒక పులస పడింది. ఎవరికీ చూపించకుండా నాకే ఇమ్మన్నాను. ఆ రోజంతా పొయ్యి దగ్గర కూర్చున్నాను. మర్నాడు పొద్దున్న కుండ మూతికి గుడ్డ కట్టి, ఒళ్ళో పెట్టుకుని, 'జం' అని రాసి ఉన్న బస్సెక్కాను.

"ఏంటమ్మా ఒళ్ళో?" అన్నాడు కండక్టరు.

"కుండ."

"కుండని కనపడుతోందండి. అందులో?"

"నీకెందుకయ్యా?"

"వాసనకి టిక్కెట్లు తప్పు కొడుతున్నానండి. పులసేనా?"

ఆ మాట బస్సంతా పాకింది. కిటికీ పక్క సీటు ఖాళీ చేసి ఇచ్చారు. ఒకాయన తన తువ్వాలు మడిచి కుండ కింద పెట్టాడు. దేవరపల్లి దాటాక గతుకుల్లో కండక్టరు "మెల్లిగా పోనీ, బండిలో పులస ఉంది" అని డ్రైవరుకి కేకేశాడు. నా అంత మనిషి పక్కనుండగా ఆ మర్యాదంతా కుండకే జరిగింది.

వదిన వరండాలో కూర్చుని ఉంది. చేతిలో ఫోను, ముక్కు మీద కళ్ళజోడు. భుజాలు అదురుతున్నాయి. ఏడుస్తోందనుకుని గేటు దగ్గరే ఆగిపోయాను. తలెత్తి చూసింది. కళ్ళ నిండా నీళ్ళున్నాయి గానీ మొహం నవ్వుతోంది. నా నోటి దాకా వచ్చిన మాట ఒట్టు దగ్గర ఆగిపోయింది.

ఆవిడ పక్కకి తిరిగింది. "ఓ గోడా, వచ్చినావిణ్ణి ముందు కుండ దింపమను. చేతులు లాగేస్తాయి."

"గోడా, రెండేళ్ళు ఆలస్యమైంది, ఏమీ అనుకోవద్దని చెప్పు" అన్నాను.

"ఇంక ఆ గోడని వదిలెయ్యవే. ఒట్టు గోదారి మీద కదా. ఇక్కడ గోదారెక్కడుంది?"

నిజమే కదా! పదకొండేళ్ళలో ఈ సంగతి నాకు తట్టలేదు.

"వదినా, ఆ ఉత్తరాలు పాతవి. అవి..."

"నోరుముయ్యి. ఒక్కోటి రెండేసిసార్లు చదివాను. నాలుగు రోజులై అదే పని నాకు. కుక్కలు ఊరొదిలి పోతాయా? ఆ పాపం నాదా?" అని మళ్ళీ నవ్వు. "పూజ్యులైన వదినగారికి అని వస్తే నమ్మడానికి నేనేమన్నా వెర్రిదాన్నా? పూజ్యులైన అనే మాట నీ నోట్లో పడుతుందా? ప్రతి జవాబులోనూ రాశాను. ఒరేయ్, ఇది నీ రాత, నాకొద్దు. అది నన్ను తిడితే తిట్టినట్టే రాయి, నాకు దాని గొంతు కావాలి అని. చదివేవాడా నీకు?"

"మీ ఊళ్ళో వానలు బాగా పడ్డాయని చదివేవారు."

"వానలా? వానల సంగతి ఒక్కసారి రాయలేదే నేను!"

అటు ఆవిడకి నన్నూ, ఇటు నాకు ఆవిణ్ణీ తొమ్మిదేళ్ళు పలచన చేసి వడ్డించారు మహానుభావుడు. అక్కా పెళ్ళామూ ఎక్కడ విడిపోతారోనని ఇంత పని. ఇద్దరం ఆయన్ని తనివితీరా తిట్టుకున్నాం.

"ఆఖరిది మాత్రం నీదేనని తెలిసింది" అంది వదిన, కొంచెం నెమ్మదించి. "పోస్తే నాకు తెలుస్తుంది అన్నావు చూడు, అక్కడ. అది చదివి నవ్వుకుంటుండగానే ఫోనొచ్చింది నాకు. తర్వాత వరద వచ్చినప్పుడల్లా అనుకునేదాన్ని, పంపుతుందేమో అని."

"ఇదిగో, తెచ్చాను కదా."

లోపలికి వెళ్ళి చెంబు నిండా నీళ్ళతో వచ్చింది.

"వదినా!"

"కాళ్ళు కడుక్కోడానికే! కుండని అంతలా కౌగిలించుకుంటావేంటి?"

ఆ రోజు ఇద్దరమే కూర్చుని తిన్నాం. వదిన వేళ్ళు నాకుతూ, "నిజమేనే, నీళ్ళు పొయ్యకూడదు" అంది. ఆ మాట కోసం నేను పదకొండేళ్ళు ఆగాను. అప్పుడు తప్పెవరిదో ఎవరికి కావాలి? ఇంకో ముక్క ఆవిడకే వేశాను.

మర్నాడు నాతోనే కొవ్వూరు వచ్చింది. ఇక్కడ గోదారి ఉంది కాబట్టి ఒట్టు సంగతి తేల్చుకోవాలి. పొద్దున్నే రేవులో మూడు మునకలు వేసి, వదిన చేతిలో లేనిదాన్ని ఉన్నట్టు పట్టుకుని, "ఇదిగో నా ఒట్టు, తీసి గట్టున పెడుతున్నా" అని మెట్టు మీద పెట్టింది. నాదీ దాని పక్కన పెట్టాను. బట్టలు ఉతుక్కుంటున్న ఒకావిడ, "అక్కడ పెట్టకండమ్మా, కాలికి తగిలి ఎవరన్నా పడతారు" అంది. ముగ్గురం నవ్వుకున్నాం.

పాత కంప్యూటరు మూట కట్టి అటక ఎక్కించారు. ఉత్తరాలన్నీ కొత్తదాంట్లో ఉన్నాయి. వదిన రాసినవి కోడలు అసలువి అసలులా చదివి వినిపించింది. వానల మాట నిజంగానే ఒక్కదాంట్లో లేదు. 'రేపు' ఫోల్డరు ఖాళీ అయింది కదా, తీసెయ్యనా అని కోడలు అడిగింది. ఉండనీ, ఆయన పెట్టిన పేరు, అన్నాను.

వదిన వచ్చి నెల అవుతోంది. ఇదంతా రాస్తున్నది ఆవిడే. పక్కన నిలబడి, నడుము మీద చెయ్యి పెట్టుకుని నేను చెబుతుంటే రాస్తోంది. మహాతల్లి అన్న చోట కలం ఆపి కళ్ళజోడు పైనుంచి నా వంక చూసింది, రాసిందో లేదో నాకు నమ్మకం లేదు. వీళ్ళ ఇంటి రక్తంలోనే ఉంది ఆ గుణం. ఇంక చాలు, కలం కింద పెట్టు వదినా. ఏదీ, మొదటి నుంచి చదివి వినిపించు. ఎక్కడన్నా చెంబెడు నీళ్ళు పోశావేమో వింటాను.